మైదానమునుండి పాఠశాలకు: హైదరాబాదు హాదీగారి చరిత్ర

ఆటగాని కీర్తి అల్పాయుష్కమయినది. న్యాయవాది వాదించిన వ్యాజ్యము తీర్పుల సంపుటములయందు నిలిచియుండును. కవి వ్రాసిన గ్రంథము అచ్చులోనైనను మిగులును. వైద్యుని హస్తవాసిని ఆయన చేత బ్రదికినవారు కొంతకాలము చెప్పుకొందురు. ఆటగాని నేర్పు మాత్రము చూచినవారి కన్నులలో పుట్టి, ఆ కన్నులతోనే మాసిపోవును. తరువాతివారికి పట్టికలలోని అంకెలు తప్ప వేరేమియు దక్కదు. ఇట్టి అల్పాయుష్కమగు కీర్తిని ఒకటి గాదు, ఏడు క్రీడలయందు ఆర్జించి, దానితో తృప్తి నొందక, తన పరిణతవయస్సును విద్యాశాఖకు ధారపోసిన పెద్దమనుష్యు డొకడు మన తెలుగునాట పుట్టెను. ఆయన సయ్యదు మహమ్మదు హాదీగారు. 1899వ సంవత్సరము ఆగస్టు 12వ తేదీని హైదరాబాదున జన్మించి, 1971 జూలై 14వ తేదీని ఆ నగరముననే కన్నుమూసిరి.

హాదీగారి పేరు కోస్తా జిల్లాలయందు అంతగా వినబడకపోవుటకు కారణము తెలియరానిది కాదు. ఆయన పుట్టిననాడు తెలుగువారు మూడు జెండాల క్రింద బ్రదుకుచుండిరి. సర్కారు జిల్లాలును దత్తమండలమును చెన్నపురి రాజధానిలో జేరి ఇంగ్లీషువారి యేలుబడిలో నుండెను. తెలంగాణము నిజాము ప్రభువుల క్రింద నుండెను. గోదావరి యొడ్డున నున్న చిన్న యానాము ఫ్రెంచివారిది. 1948లో హైదరాబాదును, 1954లో యానామును భారతదేశమున గలియువరకు ఈ గోడలు కూలలేదు. చెన్నపురిలోని తెలుగు బారిష్టరునకు కేంబ్రిడ్జి వీథులు తెలిసినంతగా హైదరాబాదు వీథులు తెలియకుండెను. కావున ఉర్దూ నుడికారపు కులీనగృహమున బెరిగిన హాదీగారు మనవా డను భావము మనకు కలుగుటకు సావకాశము లేకపోయెను. ఆయన పుట్టినదియు, ఆడినదియు, పనిచేసినదియు తెలుగుగడ్డమీదనే. ఆయన చరిత్రమునుండి నేర్వవలసినదియు ముఖ్యముగా మనమే.

హాదీగారు పసితనముననే తండ్రిని గోల్పోయిరి. ఆయనను పెంచినది పైగా వంశమునకు చెందిన ఆస్మాన్ జా కుటుంబము. పైగావారనగా నిజాము ప్రభుత్వమున ప్రభువునకు తరువాతి మెట్టున నుండిన జాగీర్దారులు. ఆస్మాన్ జా 1887 మొదలు 1894 వరకు హైదరాబాదునకు ప్రధానమంత్రిగా నుండెను. ఆయన కుమారుడగు నవాబు మొయినుద్దౌలా ఆటలయందు అమితమగు ఆసక్తి గలవాడు. గుఱ్ఱములు, మైదానములు, కోచిలు, పరికరములు, తీరుబడి – ఆటగానికి కావలసిన వన్నియు ఆ యింట సమృద్ధిగా నుండెను. తండ్రి లేని పిల్లవానికి ఆ దివాణము ఆశ్రయమగుటయే గాక క్రీడాశాలయు నయ్యెను. ఇట్టి యదృష్టము నాటి హైదరాబాదు రాజ్యములో ఎంతమంది బాలురకు పట్టినది? ఈ ప్రశ్నను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. హాదీగారి యుత్తరజీవితమంతయు ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా మాకు తోచుచున్నది.

యౌవనమున ఆయన ఇంగ్లండుకు వెడలి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున పీటర్‌హౌస్ కళాశాలలో జేరిరి. 1284లో స్థాపింపబడిన ఆ కళాశాల కేంబ్రిడ్జి కళాశాలలన్నింటిలో ప్రాచీనమయినది. అచ్చటికి బోయిన మనవారిలో పలువురు పుస్తకములకే కన్నులు దారపోసి, పట్టముతో బాటు కండ్లజోడును సంపాదించుకొని తిరిగివచ్చిరి. హాదీగారు పుస్తకమును విడువలేదు, మైదానమును విడువలేదు. క్రికెట్టు, టెన్నిసు, హాకీ, ఫుట్‌బాలు, టేబులు టెన్నిసు, పోలో, చదరంగము – ఈ యేడింటను ఆయనకు ప్రావీణ్యము కలదని ప్రతీతి. ఏడు వన్నెలు గలది ఇంద్రధనుస్సు. అందుచేత ఆయనకు రెయిన్‌బో హాదీ యను ముద్దుపేరు వచ్చెను. గుఱ్ఱముమీద ఆడునది యొకటి, బల్లయెదుట కూర్చుండి బుద్ధిబలముతో ఆడునది యొకటి, పదునొకండుగురితో గలసి ఆడునది యొకటి, ఒంటరిగా వలకు ఈవల నిలిచి ఆడునది యొకటి. ఒకే మనుష్యుని యందు ఇన్ని శక్తులు కూడుట అరుదు.

ఈ యేడింటిలో ఆయనను మొదట లోకమున కెఱిగించినది టెన్నిసు. 1924, 1925 సంవత్సరములయందు డేవిసు కప్పు పోటీలలో భారతదేశపక్షమున ఆడిరి. వింబుల్డను మైదానములయందును ఆడిరి. 1924లో పారిసు నగరమున జరిగిన ఒలింపిక్ క్రీడలకు మనదేశమునుండి వెడలిన టెన్నిసు ఆటగాండ్రలో ఆయన యొకరు. ఆ సంవత్సరము తరువాత టెన్నిసును ఒలింపిక్ పతకముల పట్టికనుండి తొలగించిరి. తిరిగి దానికి ప్రవేశము లభించుటకు 1988 వరకు, అనగా అరువది నాలుగేండ్లు, పట్టెను. కావున హాదీగారు, వారి సహచరులును తరువాత రెండు తరములవారికి లభింపని గౌరవమును పొందినవారు. అప్పటికి మనదేశమునకు స్వరాజ్యము లేదు, స్వంత జెండా లేదు. అయినను టెన్నిసు వల కావలివైపున నిలిచినవాడు ఎట్టి సామ్రాజ్యపు పౌరుడైనను, బంతి యిద్దరికిని ఒక్క రీతిగానే ఎగురునని ఆ తరమువారు కనుగొనిరి.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట ఆయన పేరు క్రికెట్టుతో ముడిపడెను. మొయినుద్దౌలాగారి పేరిట బంగారు పాత్ర పోటీలు 1930-31లో సికిందరాబాదున ప్రారంభమయ్యెను. దేశమున ఎన్నదగిన ఆటగాండ్రు ఆ మైదానమునకు వచ్చుచుండిరి. 1934లో రాష్ట్రములకును సంస్థానములకును నడుమ రంజీ పాత్ర పోటీలు మొదలయ్యెను. ఆ పాత్రకు ఏ రంజీగారి పేరు పెట్టిరో ఆయనయు కేంబ్రిడ్జిలో చదివి, ససెక్సు కౌంటీ పక్షమున ఆడి, పిదప నవానగరమునకు ప్రభువైనవాడు. ఆయన 1933లో మరణించెను. పోటీల తొలి పందెము 1934 నవంబరు 4వ తేదీని మన చెన్నపురి చేపాకు మైదానమున మద్రాసునకును మైసూరునకును జరిగి, ఒక్క దినముననే ముగిసెను. ఆ మొదటి యేటనే సికిందరాబాదున మద్రాసు జట్టు మీద ఆడి, హాదీగారు ఔటు గాకుండ 132 పరుగులు చేసిరి. రంజీ పోటీల చరిత్రలో అదియే మొదటి శతకము. తరువాత ఎందఱెందఱో ఆ పోటీలలో శతకములు చేసిరి. ద్విశతకములు, త్రిశతకములు వచ్చెను. మొదటిది మాత్రము మార్పులేక హాదీగారిదిగనే యున్నది. అప్పటికి ఆయనకు ముప్పదియైదేండ్లు.

1936లో భారతజట్టు ఇంగ్లండుకు వెడలెను. ఆ జట్టున మూడు తెలుగుపేరు లుండుట మనవారికి జ్ఞాపక ముండవచ్చును. నాయకుడు విజయనగరము మహారాజకుమారుడు. ఆటలో అందఱకును మిన్న కొఠారి కనకయ్యనాయుడుగారు. నలువదియేండ్ల వయస్సున తొలి టెస్టు నాడి, మాంచెస్టరున 40, 60 పరుగులు చేసినవారు మన చెన్నపురి బుచ్చిబాబు నాయుడుగారి కుమారులగు కోటా రామస్వామిగారు. హైదరాబాదునుండి హాదీగారు వెడలిరి. ఆ యాత్ర కలహములతో నిండియుండెను. లాలా అమరనాథును మధ్యలోనే ఇంటికి బంపివేసిరి. మూడు టెస్టులలో రెండింట ఇంగ్లండు గెలిచెను, ఒకటి సమముగా ముగిసెను. హాదీగారికి ఒక్క టెస్టునందైనను ఆడు నవకాశము కలుగలేదు. ముప్పదియాఱేండ్లు నిండినవానికి మరల అట్టి యవకాశము రానేరాదు. అంతలో మహాయుద్ధము వచ్చి, భారతజట్టు తిరిగి 1946లో గాని ఇంగ్లండును చూడలేదు.

ఇంతటితో నాగినచో ఈ చరిత్ర వందలాది ఆటగాండ్ర చరిత్రవంటిదే యగును: యౌవనమున వెలుగు, నడివయస్సున నిరాశ, ముదిమిని మఱపు. కాని 1936 నాటి ఆ జట్టునందే ఒక విశేషము కలదు. కేంబ్రిడ్జినుండి వచ్చి జట్టున గలసికొన్న జహంగీర్ ఖానుగారు అనంతరకాలమున లాహోరున కళాశాలాధ్యక్షులై విద్యాశాఖలో ఉన్నతపదవులను నిర్వహించిరి. వికెట్టు కీపరగు దిలావర్ హుస్సేనుగారును లాహోరున కళాశాలాధ్యక్షులైరి. హాదీగారు హైదరాబాదు విద్యాశాఖలో వ్యాయామవిద్యకు అధిపతులైరి. ఒక్క జట్టునుండి ముగ్గురు విద్యాశాఖకు చేరిరి. మొదటి యిద్దఱును సాధారణ కళాశాలలను పాలించిరి. హాదీగారు ఆటనే విద్యగా పాఠశాలలోనికి గొనిపోవుటకు పూనుకొనిరి. ఇందులో ఆయన ప్రత్యేకత యున్నది.

ఆ పని యెంత కష్టమో తెలియుటకు నాటి పాఠశాలల స్థితిని తలచుకొనవలెను. పాఠశాలలో వ్యాయామ మనగా డ్రిల్లు. డ్రిల్లు నేర్పువాడు తఱచుగా సైన్యమునుండి పింఛను పుచ్చుకొని వచ్చిన హవల్దారు. పిల్లలు వరుసగా నిలిచి కాలుసేతు లాడించుట, ఇన్‌స్పెక్టరుగారు వచ్చిన దినమున సలాము చేయుట – వ్యాయామవిద్య యింతే. ఉపాధ్యాయుల సభలో డ్రిల్లు మేష్టరుకు కడపటి కుర్చీ. గణితోపాధ్యాయుడు పాఠము ముగింపలేకపోయినచో మొదట హరించునది డ్రిల్లు గంటనే. దేశమున ఈ స్థితిని మార్చుటకు మొదట యత్నించిన సంస్థలలో ముఖ్యమయినది మన చెన్నపురిలో హారీ క్రో బక్ అను అమెరికనుడు 1920లో నెలకొల్పిన వై.యం.సి.ఏ. వ్యాయామ కళాశాల. ఆటను నేర్పుటయు ఒక శాస్త్రమే యనియు, దానికి శరీరశాస్త్రము, ఆరోగ్యశాస్త్రము, బోధనపద్ధతి తెలిసిన ఉపాధ్యాయుడు కావలెననియు ఆ కళాశాల స్థాపించెను. అట్టి శిక్షణ నొసగు కళాశాల హైదరాబాదున నెలకొనుటలోను, రాజ్యములోని పాఠశాలలకు శిక్షితులగు వ్యాయామోపాధ్యాయులు లభించుటలోను హాదీగారి కృషి ప్రధానమయినది.

ఇచ్చట మేము ఒక విషయమును స్పష్టపఱుపవలసియున్నది. ధర్మశాస్త్రమున దానమునకును ఋణమునకును ఎంత భేదమో, న్యాయస్థానమున దయకును హక్కునకును అంత భేదము. దాత యిచ్చిన నిచ్చును, మానిన మానును. అర్థి అడుగుటకు వీలు లేదు. హక్కు గలవాడు అడిగి పుచ్చుకొనును. హాదీగారికి బాల్యమున లభించిన క్రీడాసౌభాగ్యము దానము. ఒక ప్రభుకుటుంబము ఆదరింపగా ఒక హాదీ పుట్టెను. ఆదరింపనిచో పుట్టకుండును. మనదేశమున నాటి క్రీడలన్నియు నిట్లే నడచుచుండెను. పటియాలా మహారాజు పాత్ర నిచ్చెను, విజయనగరము కుమారరాజు జట్టును గొనిపోయెను, మొయినుద్దౌలా పోటీలు నడపెను. వారి ఔదార్యమును మేము తక్కువ చేయుటలేదు. వారే లేనిచో నాడు ఆటలే లేవు. కాని దివాణమును నమ్ముకొన్న క్రీడ దివాణముతోనే పోవును. పాఠశాల పట్టికలో వ్రాయబడిన క్రీడ యేలికలు మాఱినను నిలుచును. ఒకరి దయవలన తనకు లభించినదానిని, ఎవ్వరి దయయు అక్కఱలేకుండ, ఊరూరి పిల్లవానికి దక్కునట్లు చేయుటకై హాదీగారు ఉత్తరజీవితమును వెచ్చించిరి. మాకు ఆయన శతకముకంటె ఇదియే ఘనమయినదిగా కనబడుచున్నది.

చరిత్రయు ఆయన త్రోవయే సరియైనదని తేల్చెను. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున విలీనమయ్యెను. జాగీర్లు రద్దయ్యెను. పైగావారి వైభవము అంతరించెను. వ్యాయామోపాధ్యాయులు మాత్రము తమ తమ పాఠశాలలలో నిలిచియుండిరి. హాదీగారి సేవ కొత్త ప్రభుత్వమునకును కావలసివచ్చెను. ఆయన కేంద్రప్రభుత్వ విద్యామంత్రిత్వశాఖలో పనిచేసిరి. 1954లో ఏర్పడిన అఖిలభారత క్రీడామండలికి కార్యదర్శిగా నుండిరి. స్వతంత్ర భారతమున క్రీడలను గూర్చి ప్రభుత్వమునకు ఆలోచన చెప్పు సంస్థ యదియే. ఆ దశాబ్దముననే 1957లో గ్వాలియరున లక్ష్మీబాయి వ్యాయామ కళాశాలయు, పిదప 1961లో పటియాలాలో జాతీయ క్రీడాశిక్షణ సంస్థయు వెలసెను. పూర్వము మహారాజు కోట నుండిన పటియాలాలో ప్రజాప్రభుత్వపు శిక్షణాలయము నెలకొనుట ఆ కాలపు మార్పునకు చక్కని గుర్తు.

ఇందులకు ఆక్షేపణ చెప్పువారు కలరు. మండళ్లును కళాశాలలును కాగితములను పెంచునే గాని ఆటగాండ్రను పుట్టింపజాలవనియు, హాదీవంటివానిని ఏ వ్యాయామ కళాశాలయు తయారుచేయలేదనియు వారందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. ఏడు క్రీడల ప్రతిభ యెవ్వరును నేర్పివచ్చునది కాదు. కాని హైదరాబాదు నగరమే దీనికి సమాధానము చెప్పినది. సయ్యదు అబ్దుల్ రహీముగారు ఆ నగరమున బడిపంతులు. కాచిగూడ మొదలగు చోట్ల పాఠశాలలలో బోధించి, వ్యాయామవిద్యలో పట్టము పుచ్చుకొని, అనంతరము ఫుట్‌బాలు శిక్షకులైరి. ఆయన తయారుచేసిన భారతజట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణపతకములను గెలిచెను. 1956లో మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో నాల్గవ స్థానమును పొందెను. భారత ఫుట్‌బాలు చరిత్రలో అంతకు మించిన ఘనత లేదు. అది హాదీగా రొక్కరి ఫలమని చెప్పుట అతిశయోక్తి యగును, మే మట్లు చెప్పము. బడిపంతులును క్రీడాశిక్షకుడును ఒక్కడే కాదగు వాతావరణము ఆ నగరమున నుండెననియు, అట్టి వాతావరణము దానంతట నది యేర్పడదనియు మాత్రము చెప్పుదుము.

నేటి సంగతి యేమి? చట్టము హాదీగారి పక్షముననే యున్నది. 2009 నాటి నిర్బంధవిద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రతి పాఠశాలకును ఆటస్థలము ఉండవలెననియు, ఆటవస్తువులు ఉండవలెననియు శాసించుచున్నది. నూరుమందికి పైబడిన పిల్లలు గల ప్రాథమికోన్నత తరగతులకు వ్యాయామము నేర్పువా రుండవలెననియు నందు గలదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము చదువునకును ఆటకును నడుమ గోడ కట్టరాదని చెప్పుచున్నది. బాలురకే గాక బాలికలకును ఇది సమానమయిన హక్కు. హాదీగారి కాలమున ఈ మాట తలపునకైనను రాకుండెను. కాని చట్టమొక దారి, ఆచారమొక దారి. మన పట్టణములయందు అంగళ్ల మీది అంతస్తులలో తరగతులు నడచు పాఠశాలల నెఱుగనివా రెవ్వరు? పదవ తరగతి వచ్చునప్పటికి ఆటగంటను గణితమునకు వశపఱచని పాఠశాల లెన్ని? హవల్దారు డ్రిల్లు పోయినది గాని డ్రిల్లు గంటను హరించు వాడుక పోలేదు.

దీనికి ప్రభుత్వమునో పాఠశాలాధికారులనో నిందించి ఊరకుండుట సులభము. నిజము చెప్పవలసినచో ఈ దోషమున పెద్దపాలు మనవంటి చదువుకొన్నవారిది. వకీళ్లును, వైద్యులును, ఇంజనీర్లును, ఉద్యోగులును తమ పిల్లలకు పాఠశాల నెంచునప్పుడు మార్కుల పట్టికను చూతురు గాని మైదానమును చూడరు. తల్లిదండ్రు లడుగని వస్తువును పాఠశాల యేల అమర్చును? ఆటవలన చదువు చెడునను భయము మన యిండ్లలో పాతుకొనియున్నది. కేంబ్రిడ్జిలో చదివి, ఏడు క్రీడ లాడి, దేశపు విద్యాశాఖలో పెద్దపదవులను నిర్వహించిన హాదీగారి జీవితము ఆ భయమునకు చాలినంత ఖండనము. చదువును ఆటను ఒకదాని కొకటి సవతులుగా ఆయన చూడలేదు. ఆయనకు రెండును ఒక్క యింటి బిడ్డలే.

హాదీగారు మరణించి ఏబదియేండ్లు దాటినది. రంజీ పోటీల తొలి శతకము పట్టికలలో శాశ్వతముగా నుండును. దానికి మన సంరక్షణ అక్కఱలేదు. ఆయన రెండవ కార్యము అట్టిది కాదు. ప్రతి తరమువారును దానిని మరల మరల నిలబెట్టుకొనవలెను. వచ్చు వేసవిని తమ బిడ్డను కొత్త పాఠశాలలో చేర్పింపబోవు తండ్రులును తల్లులును, జీతపు వివరము లడుగుటకు ముందు, ఆటస్థల మెక్కడ నున్నదో చూపుడని యొక్కమాట యడుగవలెనని మా మనవి. అడుగుటకు వారికి హక్కు కలదు. దానిని చట్టము వారికిచ్చినది.